వచ్చాడా, వస్తాడా

కరువు కాలువ – ఏడో భాగం

చీరాల నుంచి వేటపాలెం వచ్చే దారిలో ఒక ప్రహరీగోడ ఉంది. దానిమీద మూడు రాతలు. ఒకటి సిమెంటు కంపెనీది, ఒకటి ఎన్నికల గుర్తు, మూడోది నీలిరంగులో ‘యేసు త్వరగా వచ్చుచున్నాడు’. నేను చూస్తుండగానే ఆ గోడమీద మూడు సిమెంటు కంపెనీలు మారాయి. ఎన్నికల గుర్తు మీద ఎదుటి పార్టీవాళ్లు సున్నం కొట్టారు. నీలి రాతను మాత్రం ఎవరో ప్రతి డిసెంబరులో మళ్లీ దిద్దుతారు. ఒక్క అక్షరం మార్చరు.

ఆ క్రియాపదం చూడండి. వచ్చుచున్నాడు. బయల్దేరాడు, దారిలో ఉన్నాడు, ఇంకా చేరలేదు. బళ్లో వ్యాకరణం చదువుకున్నవాళ్లకు తద్ధర్మకాలం గుర్తుండే ఉంటుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నా, ‘మా బావ రేపు పొద్దున వస్తాడు’ అన్నా మనకు రూపం ఒకటే. ఎప్పుడూ జరిగేదానికీ, ఇకముందు జరగబోయేదానికీ వేరే మాట వెతుక్కోం. ఇంత వెసులుబాటున్న భాషలోకి వచ్చినా ఆ తగువు మాత్రం తెగలేదు. కడవరి దినాల గురించి సువార్తల్లోనూ, ప్రకటన గ్రంథంలోనూ ఉన్న ప్రవచనాలు జరిగిపోయాయా, ఇంకా జరగాలా? క్రైస్తవ లోకంలో ఇది మొదటి శతాబ్దం నుంచీ నలుగుతున్న ప్రశ్న. మన తీరానికి ఇది ఓడల్లో వచ్చింది. వచ్చాక ఏమైందన్నదే ఈ భాగం.

పోయినసారి ధాత కరువు దగ్గర ఆగాం. 1876లో ధాత నామ సంవత్సరాన వానలు ఎగ్గొట్టాయి. ఈశ్వరలో డొక్కలెండిపోయాయి. 1878 ఉగాదికి వచ్చిన ఏడాది పేరు బహుధాన్య. పంచాంగానికి కూడా వెటకారం ఉంటుందన్నమాట. దేశం మొత్తం మీద చచ్చిపోయినవాళ్లు తక్కువలో తక్కువ లెక్కన 55 లక్షలు. సర్ రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే దాదాపు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఇక్కడికి రాకముందు అమెరికాలో భూములు సర్వే చేసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను ఆయనే కాంట్రాక్టుకు తీసుకుని మాదిగవాడల జనానికి పని చూపించాడు. వేరే చోట మేస్త్రీల చేత తిట్లు, దెబ్బలు తినలేక వచ్చినవాళ్లు ఆ తవ్వకంలో ఎందరో. ఆ కాలువ పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. వేటపాలెం నుంచి అది దగ్గరే.

గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని క్లౌ దొర పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పనులు ఆగాకే తలుపు తీశాడు. ఒంగోలుకు ఉత్తరంగా వెల్లంపల్లి, గుండ్లకమ్మ ఒడ్డు. 1878 జులై 2న 614 మంది నీళ్లలో దిగారు. 3న 2,222 మంది. 4న 700. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది ముగిసేసరికి 9,606.

ఈ అంకెలు బాప్టిస్టు చరిత్రల్లో వందసార్లు అచ్చయ్యాయి. నాకు అంకెలకన్నా ఆ 3వ తేదీ పని నడిచిన తీరే కళ్లకు కడుతుంది. మొత్తం ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారికి ఇద్దరే నదిలో నిలబడతారు. వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు. ఒడ్డున గుమాస్తా చీటీ చూసి పేరు చదువుతాడు, పేరుగలవాడు నీళ్లలోకి నడుస్తాడు. మధ్యాహ్నం ఎండకు కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. అన్నీ కలిపి దాదాపు తొమ్మిది గంటల పని. క్లౌ ఆ రోజు నీళ్లలో దిగలేదు, ఒడ్డునే ఉన్నాడు. అన్నాళ్లూ ‘ఒరే’ అన్న పిలుపే తప్ప ఎరగనివాణ్ని గుమాస్తా కాగితం మీద చూసి పేరుపెట్టి పిలవడం, వాడు ఆ పేరుకు జవాబుగా నడిచి రావడం చూసినవాళ్లకు ఏమనిపించి ఉంటుంది?

మత్తయి సువార్త ఇరవై నాలుగో అధ్యాయంలో అంత్యకాలపు గుర్తుల జాబితా ఉంది. యుద్ధాలు, కరువులు, భూకంపాలు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ జాబితా విన్న మనిషి ‘ఈ కరువు ఎక్కడిదండీ, యూదయ దేశందా?’ అని అడగడు. నిరుటి సంగతే అనుకుంటాడు.

సరిగ్గా అదే ఏడాది లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది. పేరు ‘పరూసియా’. రాసినవాడి పేరు అట్టమీద లేదు. 1887లో రెండో కూర్పు వేసినప్పుడు గానీ అది జేమ్స్ స్టువర్ట్ రస్సెల్ అనే స్కాట్లండ్ పాదిరిదని తెలియలేదు. పరూసియా అంటే గ్రీకులో రాక, సన్నిధి. మనవాళ్లు చక్కగా ‘రాకడ’ అన్నారు. రస్సెల్ వాదన ఇది. ఈ గుర్తులన్నీ చెప్పాక యేసు, ఈ తరం గతించకముందే ఇవన్నీ జరుగుతాయన్నాడు. చెప్పింది క్రీ.శ. 30 ప్రాంతంలో. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ యెరూషలేమును ముట్టడించి దేవాలయాన్ని కాల్చేశాడు. మధ్య నలభై ఏళ్లు, ఒక తరం. ఇక వెతుక్కోవడానికి ఏముంది? రాకడ, తీర్పు, పాత యుగం ముగియడం దాదాపు అన్నీ ఆ మంటల్లోనే అయిపోయాయి.

కొట్టిపారేసే వాదన కాదిది. ముట్టడిని కళ్లారా చూసిన యూదు చరిత్రకారుడు జోసిఫస్ రాసిన వివరాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఊళ్లో ఆకలికి తోలు పటకాలు నమిలారట. యెరూషలేములోని క్రైస్తవులు ముందే హెచ్చరిక అందుకుని యొర్దాను అవతలి పెల్లా పట్నానికి తప్పించుకున్నారని నాలుగో శతాబ్దపు యూసేబియస్ రాశాడు. రోములో టైటస్ తోరణం ఇప్పటికీ నిలబడే ఉంది. దాని లోపలి గోడమీద, దేవాలయపు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాల మీద మోసుకుపోతున్న శిల్పం ఉంది. ఒక ప్రపంచం అయిపోయిందనడానికి ఇంతకన్నా రుజువు దొరకదు. ప్రకటన గ్రంథంలోని 666 కూడా ఈ లెక్కలోకి వస్తుంది. నీరో చక్రవర్తి పేరును ‘నెరోన్ కేసర్’ అని హెబ్రీ అక్షరాల్లో రాసి వాటి విలువలు కూడితే సరిగ్గా 666 వస్తుంది. చివరి నకారం తీసేస్తే 616. కొన్ని పాత ప్రతుల్లో ఆ అంకె 616 అనే ఉంది.

ఎదుటివాళ్లూ తక్కువ తినలేదు. ప్రకటన గ్రంథం డొమిషియన్ చక్రవర్తి చివరి రోజుల్లో, అంటే 95 ప్రాంతంలో పుట్టిందని రెండో శతాబ్దపు ఇరేనియస్ చెప్పాడు. అదే నిజమైతే 70లో జరిగిపోయిన దాన్ని పాతికేళ్ల తరవాత ప్రవచించినట్టు అవుతుంది. ఇంకో దెబ్బ పౌలు పత్రికల నుంచి. పునరుత్థానం అయిపోయిందని చెప్పి కొందరి విశ్వాసాన్ని చెరుపుతున్నారని హుమెనై, ఫిలేతు అనే ఇద్దరిని పౌలు పేరుపెట్టి మందలించాడు. ‘అయిపోయింది’ అనేవాళ్ల మీద పంతొమ్మిది వందల ఏళ్లుగా ఆ రెండు పేర్లే రాళ్లలా పడుతున్నాయి. యెరూషలేము కూలకముందే ఈ గొడవ ఉందని మనకు తెలిసేది కూడా ఆ మందలింపుల వల్లే. థెస్సలొనీకలో కొందరు ప్రభువు దినం వచ్చేసిందని కంగారుపడితే పౌలు వాళ్లకు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

అసలు ముడి ‘తరం’ అనే మాటలో ఉంది. 1909లో అమెరికాలో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు పాదసూచికల్లో ఆ గ్రీకు మాటకు జాతి, వంశం అని అర్థం చెప్పారు. యూదు జాతి నశించకముందే అని భావం. అంటే గడువు ఎంతకైనా సాగుతుంది. మన తెలుగులోనూ తరం అంటే ఒకటే కాదు. మా తరం, మీ తరం అంటాం. సర్కారు సెటిల్‌మెంటులో పొలానికి కట్టిన శిస్తు తరగతి కూడా తరమే. గుంటూరు రైతును ‘ఈ తరం’ అని ఊరికే అంటే, ఏ సర్వే నంబరని అడిగినా అడుగుతాడు.

1878కి ఏం పట్టిందో గానీ రాకడ వ్యవహారాలన్నీ ఆ ఏడాదే మూగాయి. అమెరికాలో బ్లాక్‌స్టోన్ అనే వ్యాపారి ‘జీసస్ ఈజ్ కమింగ్’ అచ్చువేశాడు. అక్టోబరు 30 నుంచి మూడు రోజులు న్యూయార్క్‌లో ప్రవచనాల మీద పెద్ద మహాసభ జరిగింది. క్రీస్తు వెయ్యేండ్ల పాలనకు ముందే వస్తాడన్న పక్షం వాళ్లది. నెల్సన్ బార్బర్, బట్టల వ్యాపారి చార్లెస్ రస్సెల్ కలిసి 1878లోనే భక్తులు పైకి ఎత్తబడతారని ఎదురుచూశారు, ఎవరూ ఎత్తబడలేదు. ఈ రస్సెల్ వేరు, లండన్ రస్సెల్ వేరు. ఇంటిపేరు ఒకటే, మాట పూర్తిగా ఎదురు. అంతకుముందు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసిన ఉద్యమానికి మూలమైన విలియం మిల్లర్ బాప్టిస్టే. ఆ తేదీ దాటిపోవడానికి నాలుగేళ్ల ముందే బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరి కాపురం పెట్టాడు. అంటే మన మిషన్ వేరూనుతున్న రోజుల్లోనే దాని పుట్టింట్లో ఆ భంగపాటు జరిగింది.

రెండు వాదాలకూ మూలపురుషులను వెతికితే ఇంకో తమాషా. ఇద్దరూ స్పెయిన్ జెస్యూట్లే. పోపే అంత్యక్రీస్తని లూథర్ పక్షం దుమ్మెత్తిపోస్తున్న కాలం అది. ఫ్రాన్సిస్కో రిబేరా 1590 ప్రాంతంలో, ప్రకటన గ్రంథంలో ఎక్కువభాగం ఇంకా జరగాల్సిందేనన్నాడు. లూయిస్ దె అల్కసార్ పుస్తకం ఆయన పోయాక 1614లో వచ్చింది, అందులో చాలావరకు జరిగిపోయిందనే ఉంది. ఎటు తిప్పినా పోపు బయటపడ్డాడు. ఆ ఇద్దరి మాటలనే తరవాత ప్రొటెస్టెంట్లు పంచుకుని ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఇక మన ఒడ్డుకు. ‘వస్తాడు’ పక్షం మొదట దిగింది గోదావరి డెల్టాలో. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో వచ్చి నరసాపురం వైపు స్థిరపడ్డారు. వాళ్లు బ్రదరన్ సభవాళ్లు. సంఘం ఎత్తబడటం, తరవాత మహాశ్రమల కాలం అన్న వరసను అల్లిన జాన్ నెల్సన్ డార్బీ ఆ సభల మనిషే. గ్రోవ్స్‌కు డార్బీ పోకడ నచ్చక అదే ఏడాది ఉత్తరం రాసి మందలించాడు గానీ, ఎత్తబడే మాట మాత్రం ఆ సభలవెంట తెలుగులోకి నడిచివచ్చింది. సంవత్సరాంతపు మీటింగుల్లో పందిరి గుంజకు తగిలించిన గుడ్డమీద యుగాల పటం చూసినవాళ్లకు అది బాగా ఎరుకే. ఎడమవైపు ఏదెను తోట, కుడివైపు అగ్నిగుండం, మధ్యలో మనం, కుడివైపుకు బాగా దగ్గరగా.

ఈ రెండూ కాని మూడో దారి కూడా ఇక్కడే ఉంది. లోకం క్రమంగా బాగుపడి దేవుని రాజ్యమవుతుంది, ఆ తరవాతే క్రీస్తు వస్తాడు అన్నది. ఆ శతాబ్దం మొదట్లో అమెరికన్ మిషనరీలను సముద్రం దాటించింది ఎక్కువగా ఈ ఆశే. సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్‌దీ ఇదే నమ్మకం. ఆయన ఆర్మీయే వేటపాలేనికి ఉత్తరాన, బాపట్ల దారిలో, 1913 ప్రాంతంలో స్టువర్ట్‌పురం సెటిల్‌మెంటును చేతబట్టింది. నేరస్థ తెగలనే చట్టం ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టారు. వెయ్యేండ్ల పాలనకు హాజరుపట్టీ పెడితే ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్లకు అది మంచి చోటు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా, అమెరికాలో సాంఘిక సువార్తకు పెద్దదిక్కయిన వాల్టర్ రౌషెన్‌బుష్ అక్క. క్లౌ 1910లో పోయాక 1914లో ఆమె పూర్తిచేసి తెచ్చిన ఆయన ఆత్మకథ పేరే ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’. రాజ్యం ఎప్పుడొస్తుందని కాదు, మాదిగవాడలో ఏం మారిందని లెక్కచూసుకునే ఇల్లది.

మరి ఇన్ని దార్లలో జనం ‘వస్తాడు’నే ఎందుకు పట్టుకున్నారు? పాదిరీలు నేర్పారు కాబట్టి అనేది సగం జవాబే. నేర్పినవాళ్లలో అందరూ ఆ పక్షం కాదని ఇప్పుడే చూశాం. నా లెక్కలో మిగతా సగం బ్రహ్మంగారిది. కాలజ్ఞానం ఎరిగిన నేలకు ప్రవచనం కొత్తసరుకు కాదు. వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తానన్న మాట అప్పటికే పల్లెపల్లెనా ఉంది. బ్రహ్మంగారి శిష్యుల్లో కక్కయ్య మాదిగ. క్లౌ కాలపు తొలి విశ్వాసి యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేస్తూ, గురువు దగ్గర రాజయోగం నేర్చుకుని, ఆ తరవాతే 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయనకు ఎదురుచూడటం ఒకరు నేర్పక్కర్లేదు.

కాలజ్ఞానంలోనూ ఇదే తగువు ఉంది కదా. విధవరాలు దేశాన్ని ఏలుతుందంటే ఇందిరాగాంధీతో జరిగిపోయిందంటారు. రాయలవారి రాక మాత్రం ఇంకా ఉందంటారు. ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పాడు’ అనే మాట ప్రతి వింతకూ పనికొస్తుంది. జరిగినవన్నీ జరగబోయేదానికి పూచీకత్తు. మన జనం జరిగిపోయిందాన్నీ జరగబోయేదాన్నీ ఒకే మూటలో కట్టుకున్నారు. లండన్ రస్సెల్ ఆ మూట విప్పి, సగం కాదు దాదాపు మొత్తం ఖర్చయిపోయిందన్నాడు. ఆ మాట మన దగ్గర సెమినరీ గది దాటి బయటికి రాలేదు.

పోయిన ఈస్టరుకు ముందురోజు సాయంత్రం వేటపాలెంలో ఉన్నాను. అంతకుముందు రోజంతా సారస్వత నికేతనంలో. 1918లో పెట్టిన గ్రంథాలయం, గాంధీజీ చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల దుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది. తెలిసిన ఒక పెద్దాయన, పదవీ విరమణ చేసిన పాదిరి, సమాధుల తోటకు బయల్దేరుతుంటే వెంట వెళ్లాను. తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించాలి కాబట్టి ఆ రోజే సమాధులకు సున్నం వేస్తారు. ఆయన అల్లుడు వేదాంత కళాశాలలో చదివినవాడు, సున్నం బకెట్టు అతని చేతిలో ఉంది. దారిలో మగ్గాల చప్పుడు వింటూ నేనే ఈ ప్రస్తావన తెచ్చాను.

“మావయ్యగారు ఒప్పుకోరండీ,” అన్నాడు అల్లుడు. “మత్తయి ఇరవై నాలుగులో చాలామటుకు యెరూషలేము సంగతేనని మా మాస్టార్లు చెప్పారు. అంతా అయిపోయిందని నేననను. మగ్గం మీద చీరే చూడండి, నేసినంత మేర చుట్టుకుపోయింది, నెయ్యాల్సిన పడుగు ఎదర ఉంది.”

“బానే చెప్పారు అల్లుడుగారూ. ఆ నేసినదాంట్లో ఏమేం చుట్టేశారో చెప్పండి.”

“దేవాలయం కూలడం, కరువులు, అబద్ధ ప్రవక్తలు...”

“కరువులు చుట్టేశారా? మా తాత కాలువ మట్టి మోసింది ఎప్పుడంటారు?”

అల్లుడు నవ్వాడు. ఇద్దరి మధ్యా ఇది ఏటా జరిగే తంతులాగే ఉంది. పెద్దాయన ఒక సమాధి దగ్గర ఆగి పంచె మోకాళ్లపైకి మడుచుకుని కూర్చున్నాడు. ఎండుగడ్డి పీకాడు. రాతిమీద పేరు, రెండు తేదీలు, కింద ‘ప్రభువునందు నిద్రించెను’. అక్షరాల్లో పట్టిన నాచును చిన్న పుల్లతో గీకడం మొదలుపెట్టాడు, ఒక్కో గుడిలోంచి, ఒక్కో కొమ్ములోంచి.

“రస్సెల్ అనే ఆయన పునరుత్థానం కూడా అప్పుడే అయిందన్నాడట,” అన్నాను.

“అన్నాడు,” అన్నాడు అల్లుడు. “అక్కడికి నేనూ పోలేనండీ.”

పెద్దాయన తల ఎత్తలేదు. “నిద్రపోయిందని నేనే రాయించాను. లేపకముందే అయిపోయిందంటే ఎట్లా?” అని, ‘నిద్రించెను’లో రకారం ఒత్తు దగ్గర పుల్ల విరిగితే ఇంకో పుల్ల కోసం చెయ్యి చాచాడు. అల్లుడు బకెట్టు కింద పెట్టి, వంగి వెతికి ఇచ్చాడు.

(వచ్చే భాగం: 1938. ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘం వదిలి బైబిలు మిషన్ స్థాపించడం)